కొండ కింద చావడి

నవలలు రాసేవాళ్ళని పాఠకులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "మీరు రాసేవన్నీ నిజంగా జరిగినవేనా అండీ?" అని. పెళ్ళిళ్ళలో అడిగారు, రైళ్ళలో అడిగారు, ఆఖరికి పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూచున్నప్పుడు కూడా అడిగారు. ఆ ఒక్కసారీ జవాబు చెప్పే బాధ తప్పింది. మిగతాచోట్ల "కొంత నిజం, కొంత కల్పన" అని నవ్వేసి ఊరుకుంటాను. కానీ నా మొదటి నవలలో ఏది కల్పనో మా తాతయ్య ఒక్క మాటతో తేల్చేసిన సంగతి మాత్రం ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో కూడా చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

2003లో ఓ వారపత్రికలో నా మొదటి సీరియల్ వచ్చింది. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. లోకంలో ఉన్న కష్టాలన్నీ నాకు తెలుసని గట్టి నమ్మకం. అందులో కథానాయకుణ్ణి పసిగుడ్డుగా ఉండగా తల్లి ఓ వానరాత్రి అనాథాశ్రమం మెట్లమీద వదిలేసి పోతుంది. మళ్ళీ తిరిగి చూడదు. వాడు చదువుకుని కలెక్టరవుతాడు. (ఆ రోజుల్లో నా కథానాయకులందరూ కలెక్టర్లే. ఒక్కణ్ణి కూడా గుమాస్తాగా ఉండనివ్వలేదు.) తల్లి మీద కసితో వాడు మాట్లాడే మాటలు చదివి కన్నీళ్ళు పెట్టుకున్నామని బోలెడు ఉత్తరాలొచ్చాయి. నేను మాత్రం నేలమీద నడవలేదనుకోండి.

మా తాతయ్య తాడేపల్లిగూడెంలో ఉండేవాడు. బళ్ళో హెడ్మాస్టరు చేసి రిటైరయ్యాడు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కోసమని ఆ ఊళ్ళో ఓ రన్‌వే వేశారు. యుద్ధం అయిపోయింది, విమానాలు పోయాయి, సిమెంటు మిగిలింది. తెల్లవారగట్ల దానిమీద నడిచి రావడం తాతయ్య అలవాటు. "ఇంత పెద్ద రోడ్డు ఏ జమీందారుకీ లేదే అమ్మాయ్" అనేవాడు. వచ్చి కాఫీ తాగి, భూతద్దం పెట్టుకుని నా సీరియల్ చదివేవాడు. అచ్చుతప్పులు ఎర్రసిరాతో దిద్దేవాడు. కథ గురించి మాత్రం పెదవి విప్పలేదు.

ఆఖరి భాగం వచ్చాక సంక్రాంతికి వెళ్ళాను. అరుగుమీద కూచుని అడిగాడు.

"తల్లి మళ్ళీ రాలేదని రాశావు. ఎందుకు రాలేదే?"

"కథ కదా తాతయ్యా. వచ్చేస్తే ఇంక కథేముంది?"

ఆయన కాసేపు పత్రిక మడతలు సరిచేశాడు. "మా అమ్మ వచ్చింది" అన్నాడు.

చిక్కుడుకాయలు వలుస్తున్న అమ్మమ్మ చెయ్యి ఆగింది. "ఇప్పుడెందుకండీ ఆ సంగతులన్నీ? పిల్ల పెళ్ళికుంది" అంది. దాంతో నాకు సగం అర్థమైంది.

మా ఇంట్లో అందరికీ తెలిసిన కథ ఏమిటంటే, తాతయ్య చిన్నప్పుడు బెజవాడ హాస్టల్లో ఉండి చదువుకున్నాడని. మా అమ్మా అదే చెప్పేది, పెద్దమ్మా అదే చెప్పేది. ఏ ఊరి హాస్టలు, ఎవరు పెట్టారు, ఎనిమిదేళ్ళ కుర్రాడికి హాస్టలేమిటి అని ఎవరం అడగలేదు. కుటుంబాల్లో కొన్ని మాటలకి చుట్టూ ముళ్ళకంచె వేసి ఉంటుంది, పిల్లలం కూడా దూరంనుంచే తెలుసుకుని పక్కకి తిరిగిపోతాం. అది హాస్టలు కాదు. గుణదలలో క్రైస్తవ గురువులు నడిపిన అనాథ పిల్లల ఇల్లు.

తాతయ్యది కొల్లేటి లంక. ఇప్పుడు కొల్లేరంటే అందరికీ చేపల చెరువులూ, 2006లో వాటి గట్లు పేల్చేసిన ఆపరేషనూ, ఆటపాక దగ్గర పెలికాన్ పక్షులూ గుర్తొస్తాయి. ఆ రోజుల్లో అదంతా ఒక్క నీరే. కృష్ణ డెల్టాకీ, గోదావరి డెల్టాకీ మధ్య పళ్ళెంలా ఉన్న పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏళ్ళన్నీ దాన్లోకే వచ్చి పడతాయి, పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. వానలు ముదిరాయంటే లంకలు గిన్నెలో ఇడ్లీల్లా తేలుతుండేవని తాతయ్య పోలిక. కాటన్ దొర ఆనకట్టలు కట్టాక డెల్టాకి తిండికి లోటు లేదని పుస్తకాల్లో చదువుకున్నాం. 1876లో మొదలైన ధాత కరువు రాయలసీమని తుడిచిపెట్టినప్పుడు కూడా డెల్టాలో పంట నిలబడింది, నిజమే. కానీ కరువు లేనిచోట చావు లేదని ఎవరన్నారు? నీళ్ళు ఎక్కువైనచోట గత్తర వస్తుంది. 1930లో తాతయ్య నాన్న గత్తరలో పోయాడు. వాళ్ళకున్న తాటిదోనె అప్పులవాడి చేతికి పోయింది. చంకలో ఓ చంటిపిల్ల, వేలు పట్టుకుని ఎనిమిదేళ్ళ పిల్లాడు.

ఏలూరులో ఎవరో చెప్పారట, గుణదలలో పిల్లలకి రెండు పూటలా అన్నం పెట్టి చదువు చెబుతున్నారని. ముత్తమ్మమ్మ ఆ పిల్లాణ్ణి రైలెక్కించి తీసుకెళ్ళి అక్కడ ఒప్పగించింది. వెళ్ళేముందు వల అడుక్కి కట్టే సీసపు గుండు ఒకటి, ఉసిరికాయంతది, వాడి మొలతాడుకి కట్టింది. "పెద్దయి మొహం మారిపోయినా దీన్ని చూసి గుర్తుపడతాను" అందిట.

ఇక్కడ గుణదల సంగతి కాస్త చెప్పాలి. ఇవాళ గుణదల అంటే మేరీమాత కొండే. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే ఉత్సవానికి లక్షల మంది వస్తారు. కొవ్వొత్తులు వెలిగిస్తారు, కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలిస్తారు. అందులో సగంమంది నుదుట కుంకుమ ఉంటుంది. మా ఇంట్లో కూడా కొల్లేటికోట పెద్దింట్లమ్మకీ మొక్కేవారు, ఈ కొండకీ మొక్కేవారు, ఇద్దరమ్మల మధ్యా ఏనాడూ తగువు రాలేదు. కానీ ఈ కొండమీద అమ్మకంటే ముందు కొండకింద పిల్లలున్నారన్న సంగతి వచ్చేపోయేవాళ్ళలో ఎంతమందికి తెలుసు? అక్కడ సెయింట్ జోసెఫ్స్ ఇన్‌స్టిట్యూట్ అని ఓ అనాథ శరణాలయం ఉండేది. దానికి అధిపతిగా ఇటలీనుంచి వచ్చిన ఫాదర్ అర్లాటి ఉండేవారు. ఆయనే 1924లో కొండచరియలో గుహలాంటి చోట మాత విగ్రహం పెట్టారు. ఫ్రాన్సులో లూర్దు అనే ఊళ్ళో 1858 ఫిబ్రవరి 11న ఓ పద్నాలుగేళ్ళ పేదపిల్లకి గుహలో మాత కనిపించిందని చెబుతారు, పండగ తేదీ అక్కణ్ణించి వచ్చిందే. తరవాత బెజవాడ 1937లో మేత్రాసనం అయింది, 1971 నాటికి గుణదలలో పెద్ద చర్చి లేచింది, 1976లో మా ఏలూరు వేరే మేత్రాసనంగా విడిపోయింది. కొండ పెరిగినకొద్దీ కిందనున్న ఇల్లు జనం నోటినుంచి జారిపోయింది. గుడి ముందు పుట్టి ఊరు తరవాత పుట్టడం విన్నాం గానీ, పిల్లల ఇంట్లోంచి గుడి పుట్టడం నాకు మటుకు కొత్త.

తాతయ్యకి మాత్రం కొండకంటే చావడే ఎక్కువ గుర్తు. పొడుగాటి పెంకుల చావడి, వరసగా చాపలు, గోడకి పిల్లల పళ్ళేలు. మొదటిరోజు రాత్రి ఆయనకి ఏడుపు కన్నా ముందు ఆశ్చర్యం వచ్చిందట, పళ్ళెంలో అన్నం రెండోసారి కూడా వేశారని. ఆ తరవాత ఏడుపొచ్చిందట, చెల్లెలికి పెట్టేదెవరని.

ఇంకో సంగతి చెప్పాడు. గుణదల పక్కగా బుడమేరు పోతుంది. 2024 సెప్టెంబరులో గట్లు తెంచుకుని విజయవాడని ముంచేసిందే, అదే బుడమేరు. ఆ ఏరు చివరికి కొల్లేట్లో కలుస్తుందని ఎవరో పెద్ద పిల్లాడు చెప్పాడట. ఇంకేముంది, తాతయ్య ఆదివారాలు రావిచెట్టు ఆకులు కోసుకెళ్ళి ఏట్లో వదిలేవాడు. లంకలో అమ్మకి చేరతాయని. "ఎన్ని వదిలావు తాతయ్యా?" అనడిగాను. "లెక్కలు అప్పుడే నేర్చుకుంటున్నాను, నూరు దాటాక రాలేదు" అన్నాడు.

మూడేళ్ళు గడిచాయి. ముత్తమ్మమ్మ నాట్లకీ కోతలకీ ఊళ్ళు పట్టుకు తిరిగి దోనె విడిపించుకుంది. ఓ పొద్దున్నే గుణదల వచ్చింది. తాతయ్య ఆమెని గేటు దగ్గరే చూశాడు. పరిగెత్తుకెళ్ళి కాళ్ళు చుట్టేశాడని నేను రాసేదాన్ని. ఆయన వెళ్ళి కట్టెలపేడు వెనకాల దాక్కున్నాడు.

"ఎందుకు?" అన్నాను.

"మూడేళ్ళు నేను చూశాను గదా. ఒక్క పూట ఆవిడ చూస్తే ఏం పోయిందీ అనుకున్నా."

ఫాదరుగారు మనుషుల్ని పంపి వెతికించారు. ఆవిడ వేపచెట్టు కింద మూట ఒళ్ళో పెట్టుకుని కూచుంది. మూటలో మరమరాల ఉండలు. మధ్యాహ్నం అయింది, ఎండ తిరిగింది. ఎవరో మంచినీళ్ళిస్తే తాగింది గానీ మూట మాత్రం విప్పలేదు. కట్టెల సందులోంచి ఆయనంతా చూస్తూనే ఉన్నాడు. సాయంత్రం అన్నం గంట కొడితే ఆకలికి ఆగలేక బయటికొచ్చాడు. మొలతాడు ఎప్పుడో తెగిపోయింది, సీసపు గుండు లాగు జేబులో ఉంది. తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని చూసి, వీణ్ణి చూసి, "ఎండలో తిరగమాకు, నల్లబడ్డావ్" అందిట. అంతే.

"ఎక్కడికెళ్ళావురా అంటే ఏటికెళ్ళానన్నా. ఆవిడ పోయేదాకా అదే అబద్ధం" అన్నాడు తాతయ్య. ఆ మాట అనేటప్పటికి ఆయనకి ఎనభై ఒకటి.

తరవాత ఆయన్ని ఆవిడ లంకకి తీసుకుపోలేదు. ఏలూరులో పాచిపని కుదుర్చుకుని అక్కడి బళ్ళో వేసింది. గుణదలలో పడ్డ అక్షరాలే ఆయన్ని ఉద్యోగం దాకా లాక్కొచ్చాయి. ఆ ఇంటిని ఆయన ఒక్క పొల్లుమాట అని ఎరగం. ఆయనకి గిట్టనిదల్లా ఒక్క మాట, అనాథ. "నాథుడు లేనివాడు అనాథ. మా నాన్న పోయాడు సరే, అమ్మ బతికుండగా నన్నలా అంటే ఆవిణ్ణి చంపేసినట్టు కాదుటే?" అనేవాడు. హెడ్మాస్టరు గదా, తిట్టులో కూడా వ్యుత్పత్తి చూసేవాడు. అందుకే పెళ్ళిచూపుల్లో హాస్టలన్నాడు. అమ్మమ్మ తరఫువాళ్ళకి హాస్టలనే తెలుసు. నా పెళ్ళిలో మా అత్తగారికీ హాస్టలనే చెప్పాం. చెప్పింది నేనే. ఈ వ్యాసం అచ్చయ్యాక ఆవిడకి తెలుస్తుంది. ఆవిడ ఈ పత్రిక వదలకుండా చదువుతారు, ముందు వంటల పేజీ, తరవాత నాది.

2004 ఫిబ్రవరిలో తాతయ్యని గుణదల తీసుకెళ్ళాను. ఆయనే అడిగాడు. రైల్లో భీమడోలు దాటేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు, ఏలూరు దాటాక మాట్లాడలేదు. ఉత్సవం రోజులు. ఇసకేస్తే రాలని జనం. బొమ్మలూ, గాజులూ, మిఠాయి కొట్లూ, ఏడ్చే పిల్లలూ, మైకులో "తప్పిపోయిన బాబు ఫలానా చోట ఉన్నాడు, తల్లిదండ్రులు వచ్చి తీసుకెళ్ళగలరు" అని కేకలు. ఆ కేక వినబడ్డప్పుడల్లా తాతయ్య నిలబడిపోయేవాడు. కొండెక్కుదామా అంటే వద్దన్నాడు. మోకాళ్ళనుకున్నాను. కాదు. కొండకింద అటూ ఇటూ నడిపించి, బుద్ధిపుట్టినచోట ఆగి, "ఇక్కడ కూచుంది" అన్నాడు. అక్కడ వేపచెట్టు లేదు. కొవ్వొత్తులమ్మే అమ్మాయి ఉంది. ఆయన దగ్గర నాలుగు కొవ్వొత్తులు కొని, వెలిగించకుండా చేతిలోనే పట్టుకుని, ఆ అమ్మాయి పక్కన నేలమీద చతికిలబడ్డాడు. లేపితే లేవలేదు. "కాసేపుండవే. ఆవిడ ఎనిమిది గంటలుంది" అన్నాడు. గంటన్నర కూచున్నాం. నాకు కాళ్ళు తిమ్మిరెక్కి, బస్సు తప్పుతుందని విసుక్కున్నాను కూడా. ఆ విసుగు తలుచుకుంటే ఇప్పటికీ మొహం దాచుకోవాలనిపిస్తుంది.

ఆ ఏడే ఆషాఢంలో ఆయన పోయాడు. పోయేముందు సీసపు గుండు నాకిచ్చాడు.

రెండేళ్ళ క్రితం మా అక్క కూతురు ఇటలీలో చదువుతుంటే చూడబోయాను. ఫ్లారెన్సులో అది నన్ను చర్చిల చుట్టూ తిప్పి తిప్పి, "పిన్నీ, నీకు నచ్చేది ఒకటుంది" అని ఓ చావడి ముందు నిలబెట్టింది. తొమ్మిది కమానుల పొడుగాటి వసారా. కమానుల మధ్య నీలిరంగు బిళ్ళలు, ఒక్కోదాన్లో పొత్తిళ్ళలో చుట్టిన పసిపాప, చేతులు చాచి. అది ఐదొందల ఏళ్ళకి పైబడిన అనాథాశ్రమం. అక్కడి పట్టు వర్తకుల సంఘం డబ్బుతో బ్రూనెలెస్కి అనే గొప్ప వాస్తుశిల్పి 1419లో మొదలుపెట్టాడు. 1445 ఫిబ్రవరి 5న మొదటి బిడ్డ వచ్చింది, ఆడపిల్ల. ఆ రోజు సెయింట్ అగత పండగ కాబట్టి అగత అని పేరు పెట్టారు. ఎవరికీ కనబడకుండా బిడ్డని లోపలికి అందించే కిటికీ 1875 దాకా నడిచింది. 1988లో యునిసెఫ్ పిల్లల గురించి పరిశోధన చేసే కేంద్రాన్ని ఆ భవనంలోనే పెట్టింది. ఇప్పుడు లోపల మ్యూజియం కూడా ఉంది.

మ్యూజియంలో ఓ గది నిండా చిన్న చిన్న సొరుగులు. మన ఆయుర్వేద కొట్లో మందుల సొరుగుల్లా ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో పేరు. మా పిల్ల ఒకటి లాగింది. లోపల సగానికి విరిచిన బిళ్ళ. ఇంకోటి లాగితే అందులోనూ సగమే. బిడ్డతోపాటు తల్లులు పెట్టిన ఆనవాళ్ళవి. ఒక సగం బిడ్డ దగ్గర, రెండో సగం తల్లి కొంగున. ఎప్పటికైనా చేతిలో నాలుగు డబ్బులు ఆడితే వచ్చి, రెండూ జతచేసి చూపించి, బిడ్డని తీసుకుపోవడానికి. అలా వచ్చి తీసుకుపోయిన తల్లులున్నారు. వాళ్ళల్లో పెళ్ళి కాని తల్లులే కాదు, మొగుడూ మొద్దూ ఉండి, తిండి లేక వదిలిన ఇల్లాళ్ళూ ఉన్నారు.

నేను మూడో సొరుగు లాగలేదు. అక్కడున్న బెంచీమీద కూచుండిపోయాను. మా పిల్ల కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది. పరాయి దేశంలో పిన్నికి బి.పి. లేచిందనుకుంది పాపం. దానికి మా తాతయ్య సంగతి అప్పుడే, ఆ బెంచీమీదే చెప్పాను. "అయితే ముత్తాత హాస్టల్లో చదవలేదా?" అంది. మూడు తరాలకి ఆ కంచె తీసేసింది ఫ్లారెన్సులో.

మొన్న వేసవిలో ఓ ప్రచురణకర్త ఫోన్ చేశారు, నా మొదటి నవల మళ్ళీ అచ్చువేస్తామని. "కథ మార్చొచ్చా?" అన్నాను. "కొత్త పాఠకులకి ఎలాగూ తెలీదు, మీ ఇష్టం" అన్నారాయన. మా వారు మాత్రం వద్దన్నారు. "ఇరవై ఏళ్ళ క్రితం ఏడ్చినవాళ్ళ కన్నీళ్ళు వెనక్కిస్తావా?" అని వేళాకోళం. కలెక్టరుగారిని పీకేసి హెడ్మాస్టరు చేశాను. వానరాత్రి మెట్లు తీసేసి రైలు పెట్టాను. అనాథ అన్న మాట ఎక్కడెక్కడుందో వెతికితే నలభై ఏడు చోట్ల ఉంది. నలభై ఏడూ కొట్టేశాను.

ప్రూఫులు వచ్చి నాలుగు రోజులైంది. ఫ్యాను గాలికి ఎగరకుండా వాటిమీద సీసపు గుండు పెట్టాను. పద్దెనిమిదో ప్రకరణం దగ్గర ఆగిపోయాను. తల్లి వేపచెట్టు కింద మూట ఒళ్ళో పెట్టుకుని కూచుంది. పిల్లాడు కట్టెలపేడు వెనకాల ఉన్నాడు. ప్రచురణకర్త ఇవాళ పొద్దున కూడా ఫోన్ చేశారు, ఇంకా ఎన్నాళ్ళండీ అని. కాసేపుండండి అన్నాను.